మందేశాను.. నీళ్లు చూడలేదు

నేను చేపల చెరువు గట్టు మీద పెరిగిన పిల్లని. రెండడుగుల గాజు తొట్టెలో పన్నెండు చేపలుంటే, నాలుగు రోజుల్లో పదకొండింటిని చంపుకున్నదాన్ని కూడా నేనే. ఆ మొదటి మాట వల్లే, రెండో మాట బయటికి చెప్పుకోవడానికి ఇన్నాళ్లూ సిగ్గుపడ్డాను.

మాది కైకలూరు దగ్గర ఊరు. కొల్లేరు పక్కన. పెరటి తలుపు తీస్తే చెరువులే. నాన్నకి నాలుగెకరాల చెరువు ఉంది. అందులో ఎక్కువ శీలావతి, కొంచెం బొచ్చె. మీరు రోహు, కట్ల అని పిలిచేవి అవే. మా వైపు మేతని చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, చెరువులో పాతిన కర్రలకి కడతారు. చేపలు వచ్చి ఆ చిల్లుల్లోంచి తవుడు, చెక్క లాక్కుని తింటాయి. అప్పుడు సంచి చుట్టూ నీళ్లు ఉడుకుతున్నట్టు కదులుతాయి. స్కూల్ నుంచి రాగానే గట్టు మీదికెళ్లి "నాన్నా, కదులుతున్నాయి" అని అరవడం నా డ్యూటీ. కదలని రోజు నాన్న అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

అలాంటిదాన్ని ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి పడ్డా. కూకట్‌పల్లిలో ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి మూడో అంతస్తులో ఫ్లాట్. కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ వాళ్ల వాషింగ్ మెషిన్ తప్ప ఇంకేం కనిపించదు. నీళ్లు కనబడక ప్రాణం ఉసూరుమనేది. అందుకే సంక్రాంతి నుంచి తిరిగొచ్చాక ఒక అక్వేరియం కొన్నా. ఐదు మాలీలు, నాలుగు గప్పీలు. ఫోటో తీసి నాన్నకి పంపితే, "ఇవి ఎన్ని తూగుతాయే? కేజీకి ఎన్నొస్తాయి?" అని నవ్వాడు.

నాలుగు నెలలు బాగానే ఉన్నాయి. మే నెలలో ఒక ఆదివారం ఇంకో మూడు గప్పీలు ముద్దొచ్చి తెచ్చా. కవర్ ముడి విప్పి తిన్నగా తొట్టెలో వదిలేశా. అదే మొదటి తప్పు. అప్పుడు తెలియలేదు.

మూతి మీద తెల్ల మచ్చ

మూడో రోజు పొద్దున్న ఒక మాలీ మూతి చుట్టూ తెల్లగా, దూది అంటుకున్నట్టు కనిపించింది. సాయంత్రానికి ఇంకో రెండింటికి వచ్చింది. ఒక గప్పీ తోక అంచులు చిరిగిన గుడ్డలా తయారయ్యాయి. ఫోన్‌లో వెతికితే "ఫంగస్" అని ఎవరో రాశారు. షాపుకెళ్లి చూపిస్తే, చూడకుండానే ఒక చిన్న సీసా చేతిలో పెట్టి, "ఇది వెయ్యండి మేడమ్, తొట్టె నీట్‌గా కడగండి" అన్నారు.

నీట్‌గా కడిగా. ఫిల్టర్‌లో స్పాంజ్ నల్లగా, జిగురుగా ఉంటే కుళాయి కింద పెట్టి, తెల్లగా వచ్చేదాకా పిండా. సీసాలో మందు వేశా. తెల్లారేసరికి రెండు చేపలు పోయాయి. కంగారులో ఇంకో ఘనకార్యం చేశా. గొంతు నొప్పికి డాక్టర్ రాస్తే నేను సగం వాడి వదిలేసిన యాంటీబయాటిక్ మాత్రలు రెండు ఉన్నాయి. వాటిని పొడి చేసి నీళ్లలో కలిపా. మనకి తగ్గిస్తే చేపకి తగ్గించదా అన్నది నా లెక్క.

నీళ్లు మసకబారాయి. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేయడం మొదలెట్టాయి. ఆ గుటకలు నాకు కొత్త కాదు. చెరువులో ఆక్సిజన్ పడిపోయిన తెల్లవారుజామున శీలావతులు అలాగే నోళ్లు పైకెత్తుతాయి. అప్పుడు నాన్న మోటార్ వేయడానికి చీకట్లో పరిగెత్తేవాడు. నేను మాత్రం ఇక్కడ బాటిల్ మీద ఇంకెన్ని చుక్కలు వెయ్యాలని రాసుందో చదువుతూ కూర్చున్నా.

నాలుగో రోజు రాత్రికి ఒక్క నల్ల మాలీ మిగిలింది.

"స్పాంజ్ ఏం చేశావక్కా?"

నాన్నకి చెప్పలేదు. మా పెదనాన్న కొడుక్కి ఫోన్ చేశా. నాకంటే చిన్నవాడు. నెల్లూరు దగ్గర ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదువుతున్నాడు. అంతా విని వాడు అడిగిన మొదటి ప్రశ్న మందు గురించి కాదు.

"ఫిల్టర్ స్పాంజ్ ఏం చేశావక్కా?"

"కుళాయి కింద శుభ్రంగా కడిగేశా."

అటు నుంచి కాసేపు మాట లేదు. "అయితే చేపల్ని కాపాడేవాళ్లని ముందే పంపించేశావన్నమాట."

వాడు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. చేప వదిలేది, తినకుండా వదిలేసిన మేత, రెండూ కుళ్లి అమ్మోనియా అవుతాయి. అది చేపకి విషం. స్పాంజ్‌లో నేను మురికి అనుకున్న ఆ జిగురులో ఒక రకం బ్యాక్టీరియా ఉంటుంది. అది అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ మిగతా రెండింటి అంత ప్రమాదం కాదు. కొత్త తొట్టెలో ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను దాన్ని క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లతో కడిగేశా. మిగిలిన దాని మీద యాంటీబయాటిక్ చల్లా. వాడు చెబితే టెస్ట్ కిట్ తెప్పించి చూశా. గాజు గొట్టంలో నీళ్లు ముదురు ఆకుపచ్చ రంగుకి తిరిగాయి. అమ్మోనియా ఎక్కువ ఉందని అర్థం.

"మరి ఆ తెల్ల మచ్చ?"

"చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, నువ్వు చెప్పేదాన్ని బట్టి కాలమ్నారిస్‌లా ఉంది. దూదిలా ఉంటుంది కాబట్టి అందరూ ఫంగస్ అనుకుంటారు. కానీ అది బ్యాక్టీరియా."

1922లో అమెరికాలో డేవిస్ అనే శాస్త్రవేత్త మిసిసిపీ నది చేపల్లో ఈ జబ్బుని మొదటిసారి గుర్తించి రాశాడట. మైక్రోస్కోప్ కింద ఆ బ్యాక్టీరియా గుంపులు గుంపులుగా స్తంభాల్లా నిలబడి కనిపిస్తుంది. అందుకే ఆ పేరు. నీళ్లు వేడెక్కేకొద్దీ జోరందుకుంటుంది. ముదిరితే ఒకటి రెండు రోజుల్లోనే చేప పోతుంది. మే నెల, మూడో అంతస్తు, కిటికీ పక్కన తొట్టె. దానికి కావలసిన ఏర్పాట్లన్నీ నేనే చేసిపెట్టా.

"అయితే ఆ కొత్త గప్పీలతోనే వచ్చిందంటావా?"

"వచ్చి ఉండొచ్చు. ముందు నుంచే నీ తొట్టెలో ఉండి కూడా ఉండొచ్చు. ఇలాంటి బ్యాక్టీరియా నీళ్లలో ఉండటం వింత కాదక్కా. చేప ఒంట్లో బలం ఉన్నంతకాలం దాని ఆటలు సాగవు. నీళ్లు చెడి, కిక్కిరిసిపోయి, చేప నీరసపడిన రోజు అది లోపలికి దూరుతుంది."

ఆ రాత్రి సగం నీళ్లు మార్చి, క్లోరిన్ పోగొట్టిన నీళ్లు పోసి, మిగిలిన ఆ ఒక్క మాలీ వైపు చూస్తూ కూర్చున్నా. నేను ఏ మందు వెయ్యాలా అని నాలుగు రోజులు వెతికాను. నీళ్లు ఎలా ఉన్నాయి అని ఒక్కసారి కూడా చూడలేదు.

సంచులు కదలట్లేదు

నెల తిరక్కుండానే నాన్న ఫోన్. మామూలుగా ముందు "తిన్నావా" అంటాడు. ఆ రోజు అనలేదు.

"బుజ్జమ్మా, రెండ్రోజుల నుంచి సంచులు కదలట్లేదే."

నాకు కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. శీలావతి పొట్ట కింద, రెక్కల మొదట్లో ఎర్ర మచ్చలు వచ్చాయట. కొన్నింటికి పొలుసులు ఊడి పుండ్లు పడ్డాయట. పొద్దున్నే గట్టు వారన పది, పన్నెండు తేలుతున్నాయట. పట్టుబడికి ఇంకా రెండు నెలలుంది. మేత కొట్లో అప్పుంది. చెరువు లీజు కాదు, సొంతమే. కానీ దాని కాగితాలు బ్యాంకులో ఉన్నాయి.

"మందు తెచ్చా. యాంటీబయాటిక్ పొడి. మేతలో కలిపి కట్టమన్నారు. రేపు మొదలెడతా" అన్నాడు.

"నేనొచ్చేదాకా ఆగు నాన్నా" అని రాత్రి రైలెక్కా.

తెల్లారి గట్టు మీదికి వెళ్లేసరికి షెడ్డులో ఆ డబ్బాలు వరసగా ఉన్నాయి. మాకు తెలిసిన వ్యాపారి ఒకాయన అప్పటికే వచ్చి బండి మీద కూర్చున్నాడు. "అన్నయ్యా, మందు కట్టెయ్. చావులు ఆగగానే వారంలో పట్టేద్దాం. లారీ నేను మాట్లాడతా" అంటున్నాడు. మా చేపలు ఐసు పెట్టెల్లో సర్దుకుని బెంగాల్‌కి, అస్సాంకి పోతాయి. అక్కడ తినేవాళ్లెవరో మాకు తెలీదు. వాళ్లకి మేం తెలీదు.

ఆయన వెళ్లాక నాన్నని ఒక మాట అడిగా. కావాలని అడగలేదు, నోట్లోంచి వచ్చేసింది.

"మందు కట్టిన చెరువులో చేప మన ఇంటికి ఎప్పుడైనా తెచ్చావా నాన్నా?"

నాన్న నీళ్ల వైపే చూస్తున్నాడు. మా ఇంట్లో వండేది ఎప్పుడూ పెరట్లో చిన్న గుంటలో పెరిగే చేపే. దానికి మేత కూడా వంటింటి తవుడే. చిన్నప్పటి నుంచి అది రుచి కోసం అనుకున్నా. ఇరవై ఏడేళ్లొచ్చాక ఆ గట్టు మీద నిలబడితే అసలు సంగతి తట్టింది.

"నీతులు చెప్పడం తేలికే. అప్పు నువ్వు తీరుస్తావా?" అన్నాడు.

దానికి నా దగ్గర సమాధానం లేదు. అందుకే నా అక్వేరియం కథ చెప్పా. స్పాంజ్ దగ్గర్నుంచి మాత్రల పొడి దాకా. పదకొండు చేపలు పోయాయని చెప్పా. నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. చివర్లో నానమ్మ సంగతి గుర్తు చేశా. నానమ్మకి యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు మొదట వేసిన మందు పనిచేయలేదు. డాక్టర్ కల్చర్ టెస్ట్ చేయించి, ఏ మందుకి లొంగుతుందో చూసి మార్చారు. "ఇదీ అలాంటిదే నాన్నా. ముందు ఏం పురుగో చూద్దాం. ఒక్క రెండు రోజులు."

కాసేపటికి నాన్న డబ్బాల మీద పరదా కప్పి, "ల్యాబ్ ఎన్నింటికి తీస్తారో కనుక్కో" అన్నాడు.

ల్యాబ్‌లో చూసింది

తమ్ముడు ఫోన్‌లోనే అన్నీ చెప్పాడు. "బాబాయ్‌కి చెప్పు, చచ్చిన చేప వద్దు. అది చచ్చాక వేరే బ్యాక్టీరియాలన్నీ చేరిపోతాయి. జబ్బుతో ఉండి, ఇంకా బతికున్నదే కావాలి." నాలుగు చేపల్ని ఆక్సిజన్ కవర్లలో పెట్టుకుని తీసుకెళ్లాం.

ల్యాబ్‌లో ఉన్నాయన ముందు చేప ఒంటిని వేలితో తడిమి, ఏదో గీకి గాజుపలక మీద పెట్టి నాన్నకి చూపించాడు. చేప పేను. గుండ్రంగా, పల్చగా, పొలుసు రంగులో కలిసిపోయి ఉంది. అది కుట్టిన ప్రతిచోటా చిన్న గాయం. ఆ గాయంలోంచి ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియా లోపలికి పోయింది. అది మంచినీటి చెరువుల్లో మామూలుగానే ఉంటుందట. వారం రోజులు ముసురు పట్టడం, ఎండ లేక నీళ్లలో ఆక్సిజన్ తగ్గడం, అయినా మేత తగ్గించకపోవడం. ఇవన్నీ కలిసి దానికి తలుపు తీశాయి.

"ఎర్ర మచ్చ చివర్న కనిపించేదండీ. జబ్బు అంతకు ముందెప్పుడో మొదలైంది" అన్నాడాయన.

మూత్రపిండం నుంచి తీసిన నమూనాని పెంచి, మూడో రోజు ఒక గాజు పళ్లెం చూపించారు. పళ్లెం నిండా మబ్బులా బ్యాక్టీరియా. దాని మీద చిన్న చిన్న మందు బిళ్లలు. కొన్ని బిళ్లల చుట్టూ తేటగా ఒక వలయం ఉంది. అంటే అక్కడ బ్యాక్టీరియా పెరగలేదు, ఆ మందుకి లొంగింది. ఒక బిళ్ల చుట్టూ మాత్రం వలయమే లేదు. మబ్బు దాని అంచు దాకా వచ్చేసింది.

షెడ్డులో పరదా కింద ఉన్నది ఆ మందే.

నాన్న ఆ పళ్లేన్ని చాలాసేపు చూశాడు. "అంటే ఇది మొత్తం కట్టినా..?"

"దీనికి లెక్క ఉండదండీ. పైగా జబ్బు చేసిన చేప మేతే ముట్టదు. మేతలో కలిపిన మందు తినేది బాగున్న చేపలే. మిగిలింది నీళ్లలోకి, బురదలోకి పోతుంది. అక్కడి బ్యాక్టీరియా ఆ మందుని తట్టుకోవడం నేర్చుకుంటుంది. ఒకదానికి అబ్బిన ఆ విద్య ఇంకోదానికి కూడా చేరుతుంది."

క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటివి ఆక్వా సాగులో వాడటం నిషేధమని కూడా చెప్పాడు. అనుమతి ఉన్న మందైనా, ఆపిన తర్వాత చేప ఒంట్లోంచి పోయేదాకా నిర్ణీత రోజులు ఆగి తీరాలట. వారంలో పట్టేద్దాం అన్న మాట నాకు గుర్తొచ్చింది. నాన్నకీ గుర్తొచ్చే ఉంటుంది. నా వైపు చూడలేదు.

ఆ తర్వాత చేసినవి చెప్పుకోవడానికి గొప్పగా ఉండవు. మేత సగానికి పైగా తగ్గించాం. కొంత నీళ్లు తీసి కొత్త నీళ్లు పెట్టాం. ఆయన చెప్పిన కొలత ప్రకారం సున్నం చల్లాం. పేనుకి ఆయన రాసిచ్చిందే వాడాం. రాత్రంతా ఏరేటర్లు తిప్పాం. పొద్దున్నే చచ్చిన చేపల్ని కాలవలోకి విసిరే అలవాటు మానేసి, దూరంగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాం. యాంటీబయాటిక్ వేయాల్సిన అవసరం ఉంటే తర్వాత చూద్దామన్నాడు. పన్నెండో రోజుకి చావులు రెండు, మూడుకి దిగాయి. ఆ అవసరం రాలేదు.

ఇది విజయగాథ కాదు. చేప బాగా పోయింది. పట్టుబడి డబ్బు మేత అప్పుకి సరిపోయింది, మిగల్లేదు. ఆ ఏడాది బ్యాంకు వడ్డీలో కొంత నా జీతం నుంచి వెళ్లింది. గట్టు మీద నాన్న అడిగిన ప్రశ్నకి అంతవరకే నా సమాధానం. కానీ లారీ ఎక్కిన రోజు నాన్న ఒక శీలావతిని పక్కకి తీసి, "అమ్మకియ్యి, పులుసు పెట్టమను" అన్నాడు. ఆ పెద్ద చెరువు చేప మా ఇంట్లో ఉడకడం నేను చూడటం అదే మొదటిసారి.

నా చెరువు, నాన్న అక్వేరియం

ఇప్పుడు నా తొట్టెలో ఏడు చేపలున్నాయి. ఆ నల్ల మాలీ పెద్దరికం చేస్తోంది. కొత్త చేప వస్తే మూడు, నాలుగు వారాలు విడిగా ప్లాస్టిక్ టబ్బులో పెడతా. జబ్బు చేస్తే మందు వేసేది కూడా ఆ టబ్బులోనే. స్పాంజ్ కడగాలంటే తొట్టెలోంచి తీసిన పాత నీళ్లలోనే మెల్లగా పిండుతా. వాటికి రెండు నిమిషాల్లో తినేంతే వేస్తా. చేతికి కోసుకున్న గాయం ఉంటే గ్లౌజులు లేకుండా చెయ్యి పెట్టను. మైకోబాక్టీరియం మారినం అని చేపలకొచ్చే క్షయలాంటి జబ్బు బ్యాక్టీరియా ఒకటుంది. అది గాయంలోంచి మనిషికీ అంటుకుని, వారాల తర్వాత చర్మం మీద మొండి గడ్డలుగా తేలుతుందట. మనం వాటికి ఇచ్చేవే కాదు, అవి మనకి ఇచ్చేవీ ఉంటాయి.

మిగిలిపోయిన మాత్రలు ఇంట్లో దాచుకోవడం కూడా మానేశా. డాక్టర్ ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులు వేసుకుంటున్నా. గొంతు నొప్పికి సగం వేసుకుని, మిగతా సగం చేపలకి పోసినదాన్ని. ఇంకొకరికి చెప్పే అర్హత నాకేం లేదు. జరిగింది మాత్రం చెప్పగలను.

నాన్న ఇప్పుడు ఫోన్ చేస్తే, "నీ చెరువు ఎలా ఉందే?" అంటాడు. "నీ అక్వేరియం ఎలా ఉంది నాన్నా?" అంటాను. మబ్బు పట్టిన రోజుల్లో మేత తగ్గిస్తున్నాడట. వారానికోసారి వల వేసి నాలుగు చేపల్ని పట్టి, పేను ఉందేమో తడిమి చూసి మళ్లీ వదులుతున్నాడట.

మొన్న పొద్దున్న ఆఫీసు క్యాబ్‌లో ఉండగా నాన్న దగ్గర్నుంచి వాట్సాప్‌లో తొమ్మిది సెకన్ల వీడియో వచ్చింది. కింద ఒక్క అక్షరం రాయలేదు. చెయ్యి వణికి సగం ఆకాశం, సగం గట్టు పడ్డాయి. మధ్యలో కర్రకి కట్టిన మేత సంచి. దాని చుట్టూ నీళ్లు కదులుతున్నాయి.